ఏథెన్సు ఓటమి, ఏథెన్సు గెలుపు

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు మన పెద్దలు చెప్పిన మాట గృహస్థులకు వలెనే నగరములకును వర్తించును. ప్రపంచ క్రీడోత్సవమును తలపెట్టిన నగరము ఈ రెండు పనులను ఒక్కసారిగా నెత్తికెత్తుకొనును. ఇల్లు కట్టవలెను, పెండ్లి చేయవలెను. అదియు ముహూర్తము తప్పకుండ. అయినను ఆ భారము తమకే దక్కవలెనని మహానగరములు పోటీపడుచు వచ్చినవి. దక్కనపుడు వాటి ప్రజలు కన్నీరు పెట్టిరి, కోపించిరి, అన్యాయము జరిగినదని ఘోషించిరి. ఈ ఆగ్రహములో న్యాయమెంత, అభిమానమెంత? ఇంతకును ఆ నగరము కోల్పోయినదేమి? 2036 ఒలింపిక్ క్రీడలను మా దేశమున జరుపనిండని భారతదేశము అడుగుచున్న ఈ దినములలో ఈ ప్రశ్నలు మనకు పరాయివి కావు. వీటికి సమాధానము చెప్పగల సాక్షులలో మొదటిది ఏథెన్సు నగరము. అది ఓటమిని చూచినది, గెలుపును చూచినది, గెలుపు వెంట వచ్చిన బరువును కూడ చూచినది.

ముందుగా ఒక చిన్న భ్రమను తొలగించుకొనవలెను. ప్రాచీన ఒలింపిక్ క్రీడలు జరిగినది ఏథెన్సులో కాదు. గ్రీసు దక్షిణ భాగమగు పెలొపొనీసులోని ఒలింపియా క్షేత్రమున. క్రీస్తు పూర్వము 776 మొదలుకొని నాలుగేండ్లకొకసారి అక్కడ జరిగిన క్రీడలు, రోము చక్రవర్తులు క్రైస్తవమును రాజమతముగ స్వీకరించిన తరువాత, 4వ శతాబ్ది చివర అంతరించినవని చెప్పుదురు. ఏథెన్సునకు ఒలింపిక్ క్రీడలతో గల బంధుత్వము అంత ప్రాచీనము కాదు. అది 19వ శతాబ్ది చివర ఏర్పడిన బంధుత్వము.

1894లో పారిసు నగరమున జరిగిన సభలో పియర్ డి కూబెర్టిన్ అను ఫ్రెంచి ప్రభువు ప్రాచీన క్రీడలను పునరుద్ధరింపవలెనని ప్రతిపాదించి, సభ్యులనొప్పించెను. తొలి క్రీడలకు ఏథెన్సును ఎన్నుకొనిరి. నూతన క్రీడా సంఘమునకు తొలి అధ్యక్షుడైన వికెలాస్ కూడ గ్రీకు దేశీయుడే. గ్రీసు అప్పటికి బీదరాజ్యము. దివాలా తీసి మూడేండ్లయిన కాలము. ఈజిప్టులో వర్తకము చేసి ధనము గడించిన ఆవెరోఫ్ అను దాత ముందుకు వచ్చి, శిథిలమై పడియున్న పురాతన క్రీడాంగణమును పాలరాతితో పునర్నిర్మింపజేసెను. 1896 ఏప్రిలులో అక్కడ తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిగెను. మారథాను పరుగులో మారూసి గ్రామపు యువకుడు, నీళ్ళు మోసి జీవించు స్పిరిడాన్ లూయిస్, మొదటివాడై క్రీడాంగణమున ప్రవేశించినపుడు ఆ జనసమ్మర్దము పొందిన ఆనందము గ్రీకుల జాతీయ స్మృతిలో నేటికిని నిలిచియున్నది.

క్రీడలు ఇక ఎల్లప్పుడును గ్రీసులోనే జరుగవలెనని ఆనాటి రాజు కోరెను. కూబెర్టిన్ అంగీకరింపలేదు. క్రీడలు దేశదేశములు తిరుగవలెనన్నది ఆయన సంకల్పము. 1906లో ఏథెన్సులో మరియొకసారి క్రీడలు జరిగినను వాటికి అధికార గణనలో చోటు దక్కలేదు. రాజకీయ వివాదములు, బహిష్కారములు క్రీడలను చుట్టుముట్టిన 1970ల చివర గ్రీకు ప్రధాని కరమన్లిస్, ఒలింపియాలో శాశ్వత స్థానమును ఏర్పరచుటకు తమ దేశము భూమినిచ్చునని ప్రతిపాదించెను. అదియు నెరవేరలేదు. ఇట్లు తరము తరమునకును గ్రీకుల మనస్సులో ఒక భావము గూడు కట్టుకొనెను. ఈ బిడ్డ పుట్టినది మా ఇంట. ఎక్కడెక్కడ తిరిగినను, నూరేండ్ల పండుగకైనను పుట్టినింటికి రాకపోవునా?

1996 క్రీడలు ఆ నూరేండ్ల పండుగ. ఏథెన్సు పోటీకి నిలిచినపుడు ఆ నగరపు ప్రతినిధుల మాటలలో ప్రార్థన కంటె హక్కు ఎక్కువగ వినిపించెను. నూరవ ఏట క్రీడలు తమకు రావలసినవే; అది చరిత్ర తీర్చవలసిన ఋణము. దీనికి ఎవరి పరీక్ష కావలెను? ఎదుట నిలిచినవారు అయిదుగురు: అమెరికాలోని అట్లాంటా, కెనడాలోని టొరంటో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను, ఇంగ్లండులోని మాంచెస్టరు, యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడు. వీనిలో అట్లాంటాకు ప్రాచీనత లేదు. ప్రపంచమున పెద్దగ పేరు లేదు. కాని అది కోకా కోలా కంపెనీ పుట్టిన ఊరు, ఆ కంపెనీ ప్రధాన కార్యాలయమున్న ఊరు. ఒలింపిక్ క్రీడలకు ఏనాటినుండియో ధనసహాయము చేయుచున్న కంపెనీ అది. పైగా అమెరికా దేశము 1984లోనే లాస్ ఏంజెలెసులో క్రీడలను జరిపియున్నది. పండ్రెండేండ్లకే మరల ఆ దేశమునకే ఇత్తురా అని గ్రీకులు ధీమాతో నుండిరి.

1990 సెప్టెంబరు 18న టోక్యో నగరమున అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము వోటు వేసెను. మొదటి విడతలో ఏథెన్సుకు 23 వోట్లు, అట్లాంటాకు 19. అక్కడితో ఆగినచో చరిత్ర వేరుగ నుండెడిది. కాని ఆ సంఘపు పద్ధతి ప్రకారము, సగమునకు మించిన వోట్లు ఎవరికిని రానిచో అందరికంటె తక్కువ వచ్చిన నగరమును తొలగించి మరల వోటు వేయుదురు. రెండవ విడతలో ఏథెన్సుకు 23, అట్లాంటాకు 20. మూడవ విడతలో ఇద్దరికిని 26. నాల్గవ విడతలో అట్లాంటా 34, ఏథెన్సు 30. అయిదవ విడతలో అట్లాంటాకు 51, ఏథెన్సుకు 35. తొలగిపోయిన నగరములను బలపరచినవారిలో ఎక్కువమంది అట్లాంటా వైపునకే మరలిరి. గణితము నేర్పు ఉపాధ్యాయులు ఈ అంకెలను నల్లబల్లపై వ్రాసి చూపవచ్చును. ఏథెన్సుకు తొలినుండి గట్టి అభిమానులుండిరి. కాని తక్కినవారిలో అది మిత్రులను సంపాదించుకొనలేకపోయెను.

ఈ వార్త గ్రీసులో శోకమునకును, క్రోధమునకును కారణమయ్యెను. పార్థెనాను దేవాలయముపై కోకా కోలా గెలిచినదని ప్రసిద్ధ నటి, అంతకు కొన్నేండ్లు సాంస్కృతిక మంత్రిణిగ పనిచేసిన మెలీనా మెర్కూరి అన్న మాట దేశదేశములకు ప్రాకెను. ఒక పానీయము పేరును, రెండువేల నాలుగు వందల ఏండ్ల దేవాలయము పేరును ఒక్కచోట చేర్చిన ఆ మాటలో గ్రీకుల బాధ అంతయు ఇమిడియున్నది. ధనము సంస్కృతిని కొనివేసినదనియు, టెలివిజను వ్యాపారుల సౌకర్యమునకై చరిత్రను అమ్మిరనియు సామాన్య ప్రజలు తలంచిరి. తరువాత 1996 క్రీడల ప్రసార హక్కులకు అమెరికా దేశపు టెలివిజను కంపెనీ ఒక్కటే 45.6 కోట్ల డాలర్లు చెల్లించిన సంగతి తెలిసినపుడు ఆ తలంపు మరింత బలపడియుండును.

ఈ అనుమానము కేవలము ఓడినవాని ఉక్రోషమేనా? కాదని కాలము నిరూపించెను. 1998 చివర సాల్ట్ లేక్ నగరపు వ్యవహారము బయటపడెను. 2002 శీతకాల క్రీడలను పొందుటకై ఆ నగరపు పెద్దలు ఒలింపిక్ సంఘ సభ్యులకు ధనము, బహుమతులు, బంధువులకు విద్యార్థి వేతనములు ఇచ్చినట్లు వెల్లడియయ్యెను. 1999లో పలువురు సభ్యులు పదవులను వదలుకొనిరి లేదా బహిష్కృతులైరి. ఆ ఏడే అట్లాంటా నిర్వాహకులు కూడ సభ్యులకు నియమిత పరిమితిని మించిన బహుమతులనిచ్చినట్లు ఒప్పుకొనవలసివచ్చెను. బహుమతుల వలననే అట్లాంటా గెలిచినదని తేల్చి చెప్పలేము. కాని పరీక్ష జరిగిన తీరు నిర్మలము కాదని 1990లో అనుమానించిన గ్రీకు పౌరుని వట్టి అసూయాపరుడని కొట్టివేయుట న్యాయము కాదు. ప్రజాగ్రహములో ఒక్కొక్కప్పుడు పత్రములకెక్కని సత్యముండును.

అయితే ఇది సగము సత్యమే. తక్కిన సగమును ఏథెన్సు వీథులలో చూడవలెను. ఆ కాలమున నగరముపై గోధుమవన్నె పొగ కమ్ముకొని యుండెడిది. గ్రీకులు దానిని "నెఫోస్", అనగా మేఘము, అని పిలిచిరి. చుట్టును కొండలున్న పల్లపు నేలలో వాహనముల పొగ బయటకు పోవు త్రోవ లేక నిలిచిపోయెడిది. పార్థెనాను పాలరాయి సైతము ఆ విషవాయువులకు కరగిపోవుచుండెను. కార్ల సంఖ్యాఫలకముల సరి బేసి అంకెలను బట్టి దినము విడిచి దినము నగర మధ్యమునకు రానిచ్చు నియమమును ఆ నగరము 1982లోనే పెట్టవలసివచ్చెను. మన ఢిల్లీ 2016లో చేపట్టిన ప్రయోగము ఇట్టిదే. ఏథెన్సునకు అప్పటికి గల పట్టణ రైలు మార్గము 19వ శతాబ్దినాటిది ఒక్కటే. విమానాశ్రయము ఇరుకు. 1985లో ఏథెన్సునుండి బయలుదేరిన అమెరికా విమానమును సాయుధులు అపహరించినందున భద్రతపై ప్రపంచమునకు నమ్మకము సడలెను. పదివేల క్రీడాకారులు, లక్షల ప్రేక్షకులు వచ్చి చేరినచో ఈ నగరము భరింపగలదా అని పరిశీలకులు శంకించిరి. ఆ శంకను దురుద్దేశమనుట కష్టము.

మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడను సామెత మనకున్నది. 1990నాటి ఏథెన్సు వాదములో ఈ లోపమే ఉండెను. పూర్వుల కీర్తిని చూపి, నేటి వీథులను చూడవలదనుట వాదము కాదు. ఇందులో ఇంకొక సంగతియు గమనింపదగినది. పొగ, ఇరుకు రోడ్లు, చాలని రైళ్ళు పరదేశీయులకు పదునారు దినముల కష్టమే. ఏథెన్సు పౌరునకు అది నిత్యజీవితము. అతిథులకు తగదని పరీక్షకులు త్రోసిపుచ్చిన గాలిని ఆ నగరపు బాలురు ప్రతిదినమును పీల్చుచుండిరి. క్రీడలు రాలేదని కలిగిన కోపము ఈ పొగపై ఏనాడో కలిగియుండవలసినది. ఓటమి నిజముగ బయటపెట్టినది ఇదియే.

1996 జూలైలో అట్లాంటా క్రీడలు ఆరంభమైనపుడు గ్రీకులు ఆసక్తితో చూచిరి. రవాణా ఏర్పాట్లు తారుమారయ్యెను. ఫలితములను పంపు కంప్యూటరు యంత్రములు మొరాయించెను. వీథులన్నియు అంగళ్ళ సంతగ మారెనని విలేఖరులు వ్రాసిరి. జూలై 27న ఒలింపిక్ ఉద్యానవనమున బాంబు పేలి ప్రాణనష్టము జరిగెను. నూరుమందికి పైగ గాయపడిరి. ఇట్టి ప్రతి సందర్భమున ముగింపు సభలో "ఎన్నడును ఎరుగనంత ఉత్తమమైన క్రీడలు" అని పొగడు ఒలింపిక్ సంఘాధ్యక్షుడు సమరాంచ్ ఈమారు ఆ మాట అనలేదు. ఏథెన్సు వారికి ఇది కొంత ఊరట కలిగించియుండవచ్చును. కాని పొరుగువాని వంట మాడినంత మాత్రమున మన పొయ్యిపై అన్నము ఉడకదు గదా.

ఈ సత్యమును ఏథెన్సు గ్రహించినదనియే చెప్పవలెను. 2004 క్రీడలకై అది మరల పోటీపడినపుడు, ఆ ప్రయత్నమునకు నాయకురాలైన యానా ఆంజెలొపూలోస్ మాట తీరే మార్చెను. హక్కు అను పదమును ప్రక్కకు పెట్టి, సిద్ధముగ నున్నదేమో సిద్ధపడుచున్నదేమో చూపుటకు పూనుకొనెను. ఓటమి నాటినుండియే నగరము భూగర్భ రైలు మార్గములను త్రవ్వుట మొదలిడియుండెను. క్రొత్త విమానాశ్రయ నిర్మాణము సాగుచుండెను. 1997 ఆగస్టులో ప్రపంచ అథ్లెటిక్ పోటీలను ఏథెన్సు సమర్థముగ జరిపి చూపెను. ఆ తరువాత నెలలోనే, సెప్టెంబరు 5న, స్విట్జర్లాండులోని లాసాన్ పట్టణమున వోటింగు జరుగగా, చివరి విడతలో రోముకు 41 వోట్లు, ఏథెన్సుకు 66 వచ్చెను. ఓటమి గురువైనదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ఇక్కడ కథ ముగిసియుండినచో ఉపాధ్యాయులు దీనిని నీతి పాఠముగ చెప్పి ఆనందింపవచ్చును.

కాని పెండ్లి నిశ్చయమైన ఇంట పనులు నిద్రపోయినట్లు తరువాత మూడేండ్లు గడచిపోయెను. స్థలముల వివాదములు, గుత్తల వివాదములు, శాఖకును శాఖకును నడుమ తగవులు పెరిగెను. 2000లో సమరాంచ్, ఏథెన్సు వ్యవహారము ప్రమాదస్థితికి చేరినదని బహిరంగముగ హెచ్చరించెను. పోగొట్టుకొన్న కాలమును ధనముతో కొనవలసివచ్చెను. రాత్రింబవళ్ళు పనులు జరిపిరి. 2001 సెప్టెంబరులో అమెరికాపై జరిగిన దాడుల తరువాత భద్రతావ్యయము మితిమీరి పెరిగి వంద కోట్ల యూరోల మేరకు చేరెను. ప్రధాన క్రీడాంగణముపై స్పెయిను శిల్పి కలత్రావా రూపొందించిన ఉక్కు పైకప్పు క్రీడలకు కొద్ది వారముల ముందు మాత్రమే స్థానమునకు వచ్చెను.

అయినను 2004 ఆగస్టు 13 నుండి 29 వరకు క్రీడలు శోభాయమానముగ జరిగెను. సందేహించినవారి నోళ్ళు మూతపడెను. మారథాను పరుగు ప్రాచీన మార్గముననే సాగి 1896నాటి పాలరాతి ప్రాంగణమున ముగిసెను. మన దేశమునకు ఆ క్రీడలలో దక్కినది ఒక్క పతకము, గురి కాల్చుటలో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ గెలిచిన రజతము. సిడ్నీలో 2000లో కాంస్యము గెలిచిన మన శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరికి ఏథెన్సు కలసిరాలేదు. నగరమునకు నిలిచిన మేలును చెప్పకపోవుట అన్యాయము. 2000లో భూగర్భ రైలు నడచెను. 2001లో క్రొత్త విమానాశ్రయము తెరువబడెను. క్రొత్త రహదారి, ట్రాము, శివారు రైలు వచ్చెను. క్రీడాకారులకై కట్టిన గ్రామమును తరువాత కార్మిక కుటుంబములకు నివాసములుగ నిచ్చిరి. ఇవి నేటికిని ప్రజలకు ఉపకరించుచున్నవి.

ఇక లెక్కలోని రెండవ పుట. వ్యయము మొదట అనుకొన్నదానికి సుమారు రెట్టింపై, 900 కోట్ల యూరోల వరకు పోయెను. పాత విమానాశ్రయ స్థలమగు ఎల్లినికోలో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, హాకీ ఆటలకై ప్రాంగణములను కట్టిరి. గ్రీసులో బేస్‌బాల్ ఆడువారు ఎందరు? క్రీడలు ముగిసిన పిమ్మట ఎవరికి అప్పగింపవలెనో నిర్ణయింపకయే కట్టిన కట్టడములవి. కొన్నేండ్లలో గచ్చు పగిలి గడ్డి మొలచెను. 2015, 2016 సంవత్సరములలో యుద్ధభూములనుండి పారివచ్చిన శరణార్థులు ఆ ప్రాంగణములలో తలదాచుకొనిరి. ప్రపంచమంతయు మెచ్చిన కలత్రావా పైకప్పునకు సైతము 2023లో భద్రత చాలదని తేలగా ప్రధాన క్రీడాంగణమును కొంతకాలము మూసివేసిరి.

2010లో గ్రీసు దేశము అప్పుల సంక్షోభములో చిక్కి యూరపు రాజ్యముల సహాయమును అర్థించినపుడు, ఒలింపిక్ క్రీడలే ఈ దేశమును ముంచినవని అనేకులు వ్రాసిరి. ఇట్టి మాటలను విద్యార్థులు తూచి చూడవలెను. ఆనాటి గ్రీకు ప్రభుత్వ ఋణము సుమారు 30,000 కోట్ల యూరోలు. క్రీడల వ్యయమంతయు అప్పుగనే తెచ్చిరనుకొన్నను అది నూటికి మూడు వంతులు. పన్నులు సరిగ వసూలు చేయకపోవుట, ఆదాయమునకు మించిన వ్యయము, లెక్కలను దాచి చూపుట మొదలగునవి పెద్ద కారణములు. క్రీడలు వ్యాధి కావు; వ్యాధి లక్షణము. గడువు మీద పడిన తరువాత గాని కదలని అధికారము, మిగులునదేమో ఆలోచింపని నిర్మాణము, అప్పు చేసి పప్పుకూడు తిను అలవాటు క్రీడలలో కనబడినవి, రాజ్యమంతటను కనబడినవి.

కావున 1990నాటి ఆగ్రహమును ఇప్పుడు మరల చూచిన, దానిలో లేని ఒక ప్రశ్న మనకు గోచరించును. క్రీడలు మాకేల ఈయలేదు అని అందరును అడిగిరి. వచ్చినచో పదునేడవ దినమున మాకేమి మిగులును అని అడిగినవారు అల్పసంఖ్యాకులు. ఓడినపుడు అడుగని ప్రశ్నను గెలిచినపుడు అడుగుట ఇంకను కష్టము. విజయోత్సాహములో అట్టి ప్రశ్న అమంగళముగ తోచును.

టోక్యోలో ఏథెన్సుతోపాటు ఓడిన నగరముల కథలు ఈ విషయమును స్పష్టపరచును. టొరంటోలో పేదల పక్షము వహించిన సంఘములు కొన్ని కలసి "రొట్టె కావలెను, సర్కసు కాదు" అను అర్థము గల పేరుతో కూటమిగ ఏర్పడి, ఇండ్లు లేనివారికి ఇండ్లు కట్టకుండ క్రీడాంగణములేలయని ప్రశ్నించినవి. బెల్‌గ్రేడు కథ విషాదము. 1991లోనే యుగోస్లావియా చీలి యుద్ధములో పడెను. 1996 నాటికి ఆ దేశమే పాతరూపమున లేదు. మాంచెస్టరు 1996 క్రీడలకై ఓడి, 2000 క్రీడలకై మరల ఓడెను. అయితే రెండవ ప్రయత్నములో భాగముగ కట్టిన సైకిలు పందెముల ప్రాంగణమును 1994లో తెరచి ప్రజలకును, క్రీడాకారులకును అప్పగించెను. బ్రిటిషు సైకిలు వీరులు తరువాతి ఒలింపిక్ క్రీడలలో గెలిచిన పతకములకు ఆ ప్రాంగణమే పాఠశాలయయ్యెను. 2002 కామన్వెల్తు క్రీడలకు ఆ నగరము కట్టిన పెద్ద క్రీడాంగణము, క్రీడలు ముగిసిన మరుసటి ఏడే ఒక ఫుట్‌బాల్ సంఘమునకు నిలయమయ్యెను. ఆ ఒప్పందము ముందే జరిగియుండెను. రెండుమార్లు ఓడిన మాంచెస్టరు, గెలిచిన ఏథెన్సు కంటె క్రీడలనుండి ఎక్కువ లాభము పొందినదన్నను తప్పు లేదు.

ఈ అనుభవములను చూచి ప్రపంచమున ప్రజల మనోభావమే మారెను. ఒకప్పుడు రాలేదని ఏడ్చినవారు, వచ్చునేమోయని భయపడసాగిరి. అమెరికాలో బోస్టను 2015లో తప్పుకొనెను. జర్మనీలో హాంబర్గు ప్రజలు అదే సంవత్సరము వోటు వేసి వలదనిరి. హంగరీ రాజధాని బుడాపెస్టులో రెండు లక్షలకు మించిన సంతకములు చేరగా 2017లో ఆ నగరము విరమించుకొనెను. తుదకు ఒలింపిక్ సంఘము పాత పోటీ పద్ధతినే మార్చి, నగరములతో ముందుగ సంప్రదించి ఒకదానిని ప్రతిపాదించు పద్ధతిని చేపట్టెను. 2021లో బ్రిస్‌బేను నగరమునకు 2032 క్రీడలు ఇట్లే దక్కినవి. బహిరంగముగ ఓడి అవమానపడు నగరములు ఇకపై తక్కువగ నుండును. కాని తలుపుల వెనుక జరుగు సంప్రదింపులను ప్రజలు ప్రశ్నించు అవకాశము కూడ తగ్గునేమోయని కొందరి శంక. అది ఆలోచింపదగిన శంకయే.

మన దేశమునకు ఈ ఓటమి రుచి తెలియనిది కాదు. 2007 ఏప్రిలులో కువైటు నగరమున 2014 ఆసియా క్రీడలకై జరిగిన వోటింగులో కొరియాలోని ఇంచన్ నగరమునకు 32 వోట్లు, ఢిల్లీకి 13 వచ్చెను. ఆనాటి క్రీడామంత్రి మణిశంకర్ అయ్యర్ ఆ ప్రయత్నమునే సమర్థింపలేదు. బీదవాని బిడ్డకు ఆటస్థలము లేనపుడు ఈ వ్యయమేల అన్నది ఆయన వాదము. ఓటమికి ఆయన మాటలే కారణమని క్రీడాసంఘముల పెద్దలు ఆగ్రహించిరి. దేశద్రోహమన్నంతగ ఆయనను నిందించినవారును కలరు. తరువాత 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలను జరిపినపుడు, ఆరంభమునకు పండ్రెండు దినముల ముందు ప్రధాన క్రీడాంగణము చెంత కాలివంతెన కూలి కూలివాండ్రు గాయపడిరి. వ్యయముపై విచారణలు ఏండ్ల తరబడి సాగినవి. మెట్రో మార్గములు మాత్రము నిలిచినవి. గెలిచిన ఇంచన్ కూడ కట్టడముల అప్పుతో కొంతకాలము సతమతమయ్యెను. మంత్రి అడిగిన ప్రశ్నను శత్రువుల మాటగ త్రోసివేయక, దానికి సమాధానము వెదకియుండినచో 2010నాటి తలవంపులు కొన్ని తప్పియుండెడివి.

హైదరాబాదు నగరము కూడ 2002లో జాతీయ క్రీడలను, 2003లో ఆఫ్రో-ఏషియా క్రీడలను, 2007లో ప్రపంచ సైనిక క్రీడలను జరిపినది. గచ్చిబౌలి ప్రాంగణములు ఆ కాలమునాటివే. ఇప్పుడు 2030 కామన్వెల్తు క్రీడలు అహమదాబాదునకు 2025 నవంబరులో ఖాయమైనవి. 2036 ఒలింపిక్ క్రీడలకై 2024 అక్టోబరులోనే భారత ఒలింపిక్ సంఘము తన ఆసక్తిని వ్రాతమూలముగ తెలిపినది. రేపు అవి దక్కినచో దేశము సంబరపడును, దక్కనిచో కోపించును. రెండును సహజమే. జాతికి అభిమానముండుట దోషము కాదు. అభిమానమే లేనిచో ఏ పనియు జరుగదు. కాని ఏ వార్త వచ్చినను మనము అడుగవలసిన ప్రశ్నలు ముందే సిద్ధముగ నుండవలెను. అతిథి రాకపోయినను మనకు కావలసిన రైలు, నీరు, గాలి ఏవి? అతిథి వెళ్ళిన మరునాడు ఈ ప్రాంగణపు తాళము ఎవరి చేతిలో నుండును? అందులో ఆడు బిడ్డలెవరు?

ఈ చివరి ప్రశ్న ఉపాధ్యాయులది. మన ఊళ్ళలో ఎన్ని పాఠశాలలకు ఆటస్థలములు కలవో, ఉన్నవాటిలో ఎన్నిటి పై కట్టడములు లేచినవో, వ్యాయామ ఉపాధ్యాయుడు లేని పాఠశాలలెన్నియో ప్రధానోపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. వారపు పట్టికలో ఆటల గంట వచ్చినపుడు దానిని లెక్కల పాఠమునకు అరువిచ్చు అలవాటు మనలో ఎందరికి లేదు? 1896లో ఏథెన్సు గర్వించినది పాలరాయిని చూచి మాత్రమే కాదు. మారూసి గ్రామమునుండి పరుగెత్తి వచ్చిన నీళ్ళవానిని చూచి. ఆ పాలరాతి ప్రాంగణమును ధనవంతుడొకడు కట్టించెను. అందులోనికి పరుగెత్తి వచ్చిన కాళ్ళు మాత్రము గ్రామపు బాటపై బలపడినవి.

విద్యార్థులతో ఈ కథను చర్చించువారు ఒక చిన్న అభ్యాసమును పెట్టవచ్చును. మన ఊరికి ఒక గొప్ప క్రీడోత్సవము వచ్చుచున్నదని ఊహించి, అందుకై చేయవలసిన పనుల పట్టికను వ్రాయుమనవలెను. పిదప ఆ ఉత్సవము రద్దయినదని చెప్పి, ఆ పట్టికలో అప్పటికిని చేయదగినవి ఏవో గుర్తుపెట్టుమనవలెను. గుర్తు పడిన పనులే ఊరికి నిజముగ కావలసినవి. ఏథెన్సు నగరము ఆ పట్టికను వ్రాసికొనుటకు ఒక ఓటమియు, ఒక గెలుపును, 900 కోట్ల యూరోలును వెచ్చించినది. మన పిల్లలు దానిని ఒక్క గంటలో, ఒక్క కాగితముపై వ్రాయగలరు.